బ్రూజ్: పూడిపోయిన జలమార్గం కాపాడిన నగరం

సంపద నగరాలను పెంచుతుంది, పేదరికం వాటిని శిథిలం చేస్తుంది. లోకంలో సాధారణంగా కనిపించే రీతి ఇది. బెల్జియం దేశంలో, సముద్రతీరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్రూజ్ నగర చరిత్ర ఇందుకు భిన్నమైనది. సంపద నిర్మించిన ఆ నగరాన్ని పేదరికమే శతాబ్దాల పాటు కాపాడింది. అక్కడి ప్రాచీన నగర భాగాన్ని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

రెండు పేర్ల ఊరు

ఈ ప్రాంతపు ప్రజల భాష డచ్చి. వారు తమ ఊరిని ‘బ్రుగె’ అంటారు. ‘బ్రూజ్’ అన్నది ఫ్రెంచి రూపం. బెల్జియంలో 1962-63లలో చట్టం ద్వారా ఈ రెండు భాషల మధ్య సరిహద్దు గీశారు. ఆ గీత దాటగానే దారి పలకలపై ఊళ్ల పేర్లు మారిపోతాయి. కాబట్టి యాత్రికుడు రెండు పేర్లూ తెలుసుకొని బయలుదేరడం మంచిది. ఒకే ఊరిని రెండు పేర్లతో పిలవడం ఎరిగిన సరిహద్దు గ్రామాలవారికి ఇది వింతగా తోచదు.

సముద్రం ఇచ్చిన వరం

1134లో వచ్చిన పెను తుఫాను తీరాన్ని చీల్చి ‘జ్విన్’ అనే జలమార్గాన్ని ఏర్పరచింది. పెద్ద ఓడలు సమీపంలోని డామ్ రేవు దాకా వచ్చేవి. అక్కడినుండి సరకులు చిన్న పడవలలో కాలువ మీదుగా నగరానికి చేరేవి. ఇంగ్లండు ఉన్ని ఇక్కడి మగ్గాలపై మేలైన వస్త్రంగా మారేది. ఇటలీ, జర్మనీ వర్తకులు ఇక్కడ స్థిరపడ్డారు. వాన్ డెర్ బ్యూర్స్ అనే కుటుంబపు సత్రం ఎదుట వర్తకులు బేరసారాలు సాగించేవారు. వాటాల విపణికి ఐరోపాలో వాడే ‘బోర్స్’ అనే మాట ఆ ఇంటిపేరు నుండే వచ్చిందంటారు.

సముద్రం ఇచ్చినదాన్ని ఒండ్రుమట్టి తిరిగి తీసుకుంది. పదిహేనవ శతాబ్ది చివరికి జ్విన్ పూడిపోసాగింది. దానికి రాజకీయం తోడైంది. 1488లో నగరవాసులు తమ పాలకుడైన మాక్సిమిలియన్‌ను కొన్ని నెలలు నిర్బంధించారు. విడుదలైన అతడు విదేశీ వర్తకులను ఆంట్వెర్ప్ నగరానికి తరలిపొమ్మన్నాడు. వర్తకం పోయింది, భవనాలు మిగిలాయి. పాతవాటిని కూల్చి కొత్తవి విరివిగా కట్టే స్తోమత నగరానికి లేకపోయింది. పందొమ్మిదవ శతాబ్దిలో ఇక్కడి పేద కుటుంబాల స్త్రీలెందరో లేసు అల్లి పొట్టపోసుకున్నారు. మన నరసాపురం లేసు కొక్కెపు సూదితో అల్లేది. బ్రూజ్ లేసు చిన్న కొయ్య కండెలకు చుట్టిన దారాలను పెనవేసి అల్లేది.

చూడదగినవి

రాజధాని బ్రస్సెల్స్ నుండి రైలులో గంట ప్రయాణం. స్టేషను నుండి ప్రధాన కూడలికి ఇరవై నిమిషాల నడక. వీధులన్నీ రాళ్లు పరచినవి గనుక మెత్తని చెప్పులు అవసరం. కూడలిలోని గంటగోపురం ఎత్తు 83 మీటర్లు. 366 మెట్లెక్కితే పైనుండి నగరం, దాని చుట్టూ తిరిగిన కాలువ కనిపిస్తాయి. పైన నలభై ఏడు గంటలు ఉన్నాయి.

మేరీమాత దేవాలయపు ఇటుక శిఖరం 115 మీటర్లకు పైబడినది. లోపల మైకలాంజిలో చెక్కిన తల్లీబిడ్డల పాలరాతి శిల్పం ఉంది. 1794లో ఫ్రెంచి సేనలు, 1944లో జర్మను సేనలు దానిని ఎత్తుకుపోగా, రెండుసార్లూ అది తిరిగి వచ్చింది. 1245లో స్థాపించిన బెగినాజ్ అనే స్త్రీల ఆశ్రమం తెల్లని ఇళ్ల నడుమ నేటికీ ప్రశాంతంగా ఉంది. కాలువలలో పడవ విహారం అరగంట సాగుతుంది. చలికాలంలో సాధారణంగా పడవలు నడవవు. ఒక మాట గుర్తుంచుకోవాలి: కనిపించే ప్రతి గోడా మధ్యయుగం నాటిది కాదు. పాత శైలిలో పందొమ్మిదవ శతాబ్దిలో తిరిగి కట్టినవి కూడా చాలా ఉన్నాయి.

కాపాడుకోవడమెలా?

1907లో సముద్రతీరాన జీబ్రుగె రేవు ప్రారంభమై, నగరానికి మళ్లీ ఓడల రాకపోకలు కల్పించింది. ఒకనాడు బ్రూజ్ వర్తకాన్ని తరలించుకుపోయిన ఆంట్వెర్ప్ రేవుతోనే 2022లో ఈ రేవు విలీనం కావడం చరిత్రలోని చమత్కారం.

నేటి సమస్య పేదరికం కాదు, జనసమ్మర్దం. పాత నగరంలో నివసించేవారు సుమారు ఇరవై వేలమంది. ఏటా వచ్చే యాత్రికులు లక్షల సంఖ్యలో ఉంటారు. నివాసాలన్నీ బసలుగా, అంగళ్లన్నీ మిఠాయి దుకాణాలుగా మారితే ఊరు కేవలం ప్రదర్శనశాల అవుతుంది. అందుకే 2019లో నగర పాలకులు ఒక్కపూట వచ్చిపోయే యాత్రల కోసం ప్రచారం మానాలని, విహార నౌకల సంఖ్యను పరిమితం చేయాలని నిర్ణయించారు.

కనుక బ్రూజ్ చూడగోరేవారు ఒక రాత్రి అక్కడ బస చేయడం ఉత్తమం. సందడి సద్దుమణిగిన సాయంవేళ కాలువ నీటిలో దీపాలు మెరుస్తుండగా, పిల్లలను ఇంటికి పిలిచే తల్లుల గొంతులు వినబడతాయి. కట్టడాలు మిగలడం అదృష్టం కావచ్చు. వాటిలో మనుషులు మిగలడమే నిజమైన పరిరక్షణ.