ఇనుప అచ్చు, ఇంటి పండు

వేసవి వచ్చినదంటే నంద్యాల, ఆళ్ళగడ్డ ఇండ్లలో మామిడిపండ్ల వాసన నిండుతుంది. బంగినపల్లి మామిడికి పేరిచ్చిన బనగానపల్లె ఈ సీమలోనిదే. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2022లో ఆ ఊరు కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినది. మహానంది చుట్టుపట్ల అరటితోటలు ఉండనే ఉన్నవి. ఇట్టి పండ్లు చేతికందుచుండగా, వాఫిల్ తినుటకు అంగడికి పోయి, దానిపై సీసాలోని పాకము పోయించుకొనుట ఎందుకు?

వాఫిల్ అనగా కాగిన రెండు ఇనుప పలకల నడుమ పిండి పోసి కాల్చిన గళ్ళ రొట్టె. ఐరోపాలో మధ్యయుగమునుండి ఇది ఉన్నది. అమెరికాలో ట్రాయ్ పట్టణవాసి కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ 1869లో దాని అచ్చుకు పేటెంటు పొందినాడు. నేడది విద్యుత్తుతో కాగే చిన్న పెట్టె.

పేరు కొత్తదైనా పని మన ఇల్లాండ్రకు కొత్త కాదు. క్రిస్మసు దినాలలో గులాబీ పువ్వులు వండే చేతులకు ఇనుప అచ్చు స్వభావము తెలియును. చాలినంత కాగని అచ్చుకు పిండి పట్టదు. అంచు మునిగేటట్లు ముంచితే పువ్వు ఊడిరాదు. వాఫిల్‌కూ మొదటి సూత్రము అదే: ముందు ఇనుము కాగవలెను, తరువాతనే పిండి.

రెండు కప్పుల మైదాలో ఒక చిన్నచెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, రెండు పెద్దచెంచాల పంచదార కలపవలెను. వేరొక గిన్నెలో రెండు గ్రుడ్ల పచ్చసొన, ఒకటిముప్పావు కప్పు పుల్లని చిక్కటి మజ్జిగ, మూడవ వంతు కప్పు కరగిన నెయ్యి చిలికి, పిండిలో పోయవలెను. మజ్జిగ పులుపు సోడాను తాకి బుడగలు పుట్టించును. రొట్టె గుల్లబారుటకు అవే కారణము. తెల్లసొనను నురుగువచ్చువరకు గిలకొట్టి చివర మెల్లగా కలిపితే ఇంకను తేలికగా వచ్చును. ఎక్కువ కలియబెడితే మాత్రము సాగును. నెయ్యి రాచిన అచ్చులో పోసి మూయవలెను. పైకి లేచే ఆవిరి తగ్గినదంటే రొట్టె కాలినట్లే.

పండును పిండిలో కలుపరాదు; రసము తగిలిన చోట రొట్టె కరకరలాడదు. మామిడి ముక్కలు, అరటి చక్రాలు విడిగా ఉంచుకొని, తినబోయే క్షణాన గళ్ళపై పేర్చవలెను. వేడి రొట్టె, చల్లని పండు. నాలుకకు ఆ రెండూ ఒకేసారి తెలియవలెను.

ఇక్కడనే ఒక చిక్కున్నది. వాఫిల్ ఆగదు, ఐదు నిమిషాలలో మెత్తబడును. మన ఇండ్లలో దోసె వంటిదే దీని కథ: అందరికీ వేడివేడిగా అందించి, పోసిన తల్లి చివరిదానిని చల్లారిన తరువాత తినును. కాని ఈ విద్యుత్తు పెట్టె పొయ్యికి కట్టుబడినది కాదు. దానిని భోజనాల బల్లపైకి తెచ్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క వాయి పోయవచ్చును. పిల్లలు మామిడి కోయవచ్చును, తండ్రి మూత తీయవచ్చును. మొదటి వాఫిల్ తల్లి పళ్ళెములో పడిననాడు, ఆ పరదేశపు వంట మన ఇంటి వంట అయినట్లే.