చక్రము పెద్దదైన బండి యెత్తగునా?

గడచిన వేసవి సెలవులకు ముందు మా పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు తన పికప్ ట్రక్కును మాకు చూపుటకై తీసికొనివచ్చెను. అతడు తన గ్రామమునుండి టమాటా గంపలను పట్టణపు మార్కెట్టునకు చేరవేసి కుటుంబమును పోషించుకొనువాడు. ఊరి దారి రాళ్లతోను గుంతలతోను నిండియున్నదనియు, బండి అడుగుభాగము నేలకు తగులకుండుటకై పెద్ద చక్రములు వేయించితిననియు సంతోషముతో చెప్పెను. పాత 17 అంగుళముల రిమ్ములను తీయించి, అప్పుచేసి, తళతళలాడు 20 అంగుళముల రిమ్ములను బిగింపించెను. మేమును వాని యందమును చూచి మెచ్చుకొంటిమే గాని కొలిచి చూడమైతిమి. నెల తిరుగకముందే యొక గుంతలో పడి రిమ్ము పగిలెను, టైరు చీలెను, గంపలలోని కాయలు దారిప్రక్కనే యెండకు కుళ్లిపోయెను. అతడు మావద్దనే గణితము నేర్చినవాడు. కొలత యెంతయని నాడు మేమే యడుగవలసియుండెను. ఆ లోపమును తీర్చుకొనుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పికప్ అనగా ముందు మనుష్యులు కూర్చుండు గదియు, వెనుక సరకులకై తెఱచియున్న తొట్టియు గల బండి. 1925వ సంవత్సరమున అమెరికాలో ఫోర్డు కంపెనీవారు తమ మోడల్ టి కారునకు ఇట్టి తొట్టిని అమర్చి కర్మాగారమునుండియే అమ్మసాగిరి. మన తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఇసుజు కంపెనీవారు 2016వ సంవత్సరమునుండి ఇట్టి బండ్లను తయారుచేయుచున్నారు.

గాలి నింపిన టైరు పికప్ కంటె పాతది. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనునతడు దానికి పేటెంటు పొందెను గాని అది వాడుకలో నిలువలేదు. తరువాత బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్ తన చిన్న కుమారుని మూడుచక్రముల సైకిలునకు గాలి టైరులను తొడిగి, 1888లో పేటెంటు తీసికొనెను. గట్టి రబ్బరు చక్రముమీద కుదుపులు తినుచుండిన ఆ బాలునకు సుఖము కలిగించినది గాలియే. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. కడపట దీనితోనే మనకు పనియున్నది.

ఇక టైరుపైని అంకెలను చదువుదము. టైరు ప్రక్కను 265/65 ఆర్ 17 అని యుండిన, మొదటి అంకె టైరు వెడల్పు 265 మిల్లీమీటర్లని తెలుపును. రెండవది ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులని చెప్పును. ఆర్ అను అక్షరము రేడియల్ అను కట్టుబడికి గుర్తు. చివరి 17 రిమ్ము వ్యాసము, అంగుళములలో. ఒక టైరు కొలతలో మిల్లీమీటరును అంగుళమును ఇట్లు కలిసియుండుట వింతయే గాని, లోకమంతట ఇదియే వాడుక.

ఇప్పుడు లెక్క వేయుదము. 265లో నూటికి 65 వంతులనగా సుమారు 172 మిల్లీమీటర్లు. గోడ రిమ్మునకు పైనను క్రిందను ఉండుటచేత రెండింటికి 344.5. రిమ్ము 17 అంగుళములనగా 431.8. మొత్తము చక్రము వ్యాసము 776.3 మిల్లీమీటర్లు. మా పూర్వవిద్యార్థి వేయించిన టైరు 265/50 ఆర్ 20. దాని ప్రక్కగోడ 132.5, రెండింటికి 265. రిమ్ము 508. మొత్తము 773 మిల్లీమీటర్లు. రిమ్ము మూడంగుళములు పెరిగినను, చక్రము మొత్తముమీద మూడు మిల్లీమీటర్లు తగ్గినది! బండి యెత్తగుటకు మాఱుగా వెండ్రుకవాసి క్రుంగినది. పెరిగిన ఇనుమెంతయో తగ్గిన రబ్బరును గాలియు అంతకంటె కొంచె మెక్కువ. దీనివలన రిమ్ము పరిమాణమొక్కటే బండిని ఎత్తునకు లేపదని స్పష్టమగుచున్నది. ఎత్తును నిర్ణయించునది టైరుతో కూడిన మొత్తము వ్యాసమే.

మొత్తము వ్యాసమును నిజముగా పెంచినచో ఫలితమెట్లుండును? అదే 17 అంగుళముల రిమ్ముపై 265/70 టైరును వేయుదము. వ్యాసము 802.8 అగును. పెరుగుదల 26.5 మిల్లీమీటర్లు. అయినను బండి యంత యెత్తు లేవదు. యాక్సిలు చక్రము నడుమ నుండును గనుక, అది నేలనుండి లేచునది వ్యాసములో సగమే, అనగా సుమారు 13 మిల్లీమీటర్లు. ఇంచుమించు మన బొటనవ్రేలి గోటి వెడల్పు.

ఇంత స్వల్పమునకు విలువ యేమియని కొందఱడుగవచ్చును. పికప్ వెనుకభాగమును వంగి చూచినచో ఉత్తరము దొరకును. రెండు చక్రములను కలుపు యాక్సిలు నడుమ డిఫరెన్షియల్ గల గుండ్రని పెట్టె వ్రేలాడుచుండును. సాధారణముగా పికప్‌నందు నేలకు మిగుల దగ్గఱగా నుండునది ఇదియే. కమాను పట్టీలను మార్చి బండి నెత్తు చేయించువారు కలరు. దానివలన లేచునది తొట్టియు ముందుగదియు మాత్రమే. పట్టీలు యాక్సిలుపైన కూర్చుండును గాని, యాక్సిలు పట్టీలపైన కూర్చుండదు గదా! ఆ పెట్టెను రాతినుండి తప్పింపగల ఉపాయము పెద్ద వ్యాసము గల టైరొక్కటే.

ఇక కుదుపు సంగతి. పికప్ కమాను పట్టీలు టన్ను బరువును మోయుటకై గట్టిగా చేయబడినవి. తొట్టి నిండియున్నపుడు అవి చక్కగా వంగును. తొట్టి ఖాళీగా నున్నపుడు దాదాపు వంగవు. అప్పుడు గుంతకును ప్రయాణికునికిని నడుమ మెత్తగా వంగునది ప్రధానముగా టైరు ప్రక్కగోడయే. 172 మిల్లీమీటర్ల గోడ 132 అయినచో ఆ మెత్తదనము చాలవఱకు పోవును. గుంత అంచు రబ్బరును నలిపి తిన్నగా రిమ్మును కొట్టును. పెద్ద రిమ్ము తఱచుగా బరువైనది కూడ. బరువైన చక్రము గుంతలో పడి లేచునపుడు పట్టీలు దానిని వెంటనే అదుపుచేయజాలవు. మన మిత్రుని రిమ్ము పగులుటకు కారణమిదియే.

అట్లని పెద్ద టైరు వేసిన సర్వము శుభమని తలపరాదు. చక్రము ఒక్కొక్క చుట్టునకు ఎక్కువ దూరము పోవును గనుక వేగము చూపు ముల్లు తప్పు చెప్పును. పై యుదాహరణలో ముల్లు 60 కిలోమీటర్లు చూపునపుడు బండి 62 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. చక్రమును త్రిప్పుటకును ఆపుటకును ఎక్కువ శక్తి కావలెను. మలుపులో టైరు లోపలి అంచుకు రాచుకొనవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, బండి గరిమనాభి పైకి లేచును. చక్రముల నడిమి వెడల్పు మాఱక యెత్తు మాత్రము పెరిగినచో మలుపున బోల్తాపడు భయము హెచ్చును. మిరప కోతలకు పోవు కూలీలు ఇట్టి తొట్టిలో నిలువబడి పోవుట మనమందఱము చూచుచున్నాము. సరకుల తొట్టిలో మనుష్యులను ఎక్కించుట యెన్నడును తగదు. ఎత్తు చేసిన బండిలో అది ప్రాణములతో నాడుటయే.

కావున తలిదండ్రులకు మేము మనవి చేయునది యేమనగా, బండికి చక్రములు మార్చదలచినపుడు తలుపు ప్రక్కనున్న చీటీని ముందు చదువుడు. కంపెనీవారు ఒప్పుకొన్న టైరు కొలతలును గాలి యొత్తిడియు దానిపై వ్రాసియుండును. కొలత చివర నుండు 112 వంటి అంకె బరువును తెలుపును. 112 అనగా ఒక్కొక్క టైరు 1120 కిలోగ్రాములు మోయగలదని యర్థము. క్రొత్త టైరు అంకె పాతదానికంటె తగ్గరాదు. మఱియు రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవారు నిర్ణయించిన వానితో భిన్నించునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము చెప్పుచున్నది. రాళ్లదారిలో పోవలసినవారికి చిన్న రిమ్మును ఎత్తైన ప్రక్కగోడయు మేలు. ఆ గోడలోని గాలియే డన్‌లప్ కుమారునకు వలెనే మనకును తోడ్పడును.

విద్యార్థులారా, ఈ లెక్కకు హెచ్చించుటయు కూడుటయు తప్ప వేఱొకటి యక్కఱలేదు. మీ యింట బండి యున్నచో టైరుపైని అంకెలను వ్రాసికొని వ్యాసమును కట్టుడు. పిదప నేలనుండి చక్రము పై యంచువఱకు టేపుతో కొలువుడు. మీ లెక్కకంటె కొలత కొంచెము తగ్గియుండును. బండి బరువునకు టైరు అడుగున నణగుటయే దానికి కారణము. ఇంటివారు డబ్బు వెచ్చింపకముందే ఆ కాగితమును వారి చేతికిండు.

మా పూర్వవిద్యార్థి యిప్పుడు 17 అంగుళముల రిమ్ములనే తిరిగి వేయించుకొనెను. బండి మునుపటివలెనే నడచుచున్నది. అప్పు మాత్రము ఇంకను తీఱలేదు.