బుల్లితెర మీద రైలుబండి

కూ... చుక్ చుక్! ఆ చప్పుడు వింటే చాలు, పరిగెత్తుకెళ్లి కిటికీ పక్క సీటు పట్టుకోవాలనిపిస్తుంది కొందరికి. అలాంటివారికి రిజర్వేషన్‌తో పనిలేని ప్రయాణం ఒకటుంది. చేతిలో రిమోట్ ఉంటే చాలు!

వంటలకో ఛానల్, భక్తికో ఛానల్, పాటలకో ఛానల్. క్రికెట్‌కైతే నాలుగైదు. రైళ్లకు మాత్రం మన టీవీలో ప్రత్యేకంగా ఛానలంటూ లేదు. అయినా దిగులేం అక్కర్లేదు. వెతకడం తెలియాలేగానీ... ప్రేమకథలోనో, కామెడీలోనో, డాక్యుమెంటరీలోనో ఎక్కడో ఓచోట రైలు కూత వినిపిస్తూనే ఉంటుంది.

పైగా ఈ వెతుకులాటకు ఇప్పుడు విలువ పెరిగింది. బొగ్గింజన్లు మ్యూజియాలకు చేరాయి. మీటర్‌గేజి పట్టాలు చాలాచోట్ల కనుమరుగయ్యాయి. 'మా రోజుల్లో రైలు ఇలా ఉండేది' అని తాతయ్య మనవడికి చూపించాలంటే మిగిలిన దారి... ఆ పాత రీళ్లే!

తొలి హీరో రైలే!

సినిమాకీ రైలుకీ బంధం నిన్నమొన్నటిది కాదు. ఫ్రాన్స్‌లోని లా సియోటా స్టేషన్‌లోకి రైలు వస్తుంటే లూమియేర్ సోదరులు చిత్రీకరించారు. దాని నిడివి నిమిషం కూడా ఉండదు. 1896లో తెరమీద దాన్ని చూసిన జనం, రైలు మీదికొచ్చేస్తోందనుకుని పరుగులు తీశారని ఓ కథ. అది కాస్త పెంచి చెప్పిందేనంటారు చరిత్రకారులు. అదే ఏడాది జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ చిత్రాలు వేశారు. మనదేశంలో సినిమా ప్రదర్శన మొదలైంది అలాగే.

పాతవాటిలో ఒక్కటే చూడాలంటే మాత్రం బస్టర్ కీటన్ 'ది జనరల్' (1926) చూడాలి. అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో నిజంగా జరిగిన రైలింజన్ దొంగతనమే దీనికి ఆధారం. పోయిన ఇంజన్ కోసం డ్రైవరు పడే పాట్లు కడుపుబ్బ నవ్విస్తాయి. అందులో మంటలంటుకున్న వంతెన మీదికి నిజం ఇంజన్‌నే నడిపి, నదిలో కూల్చేశారు. మన 'ఆర్ఆర్ఆర్' (2022)లో వంతెన మీద పేలే రైలు గ్రాఫిక్స్ మాయ. రెండూ పక్కపక్కన చూస్తే దాదాపు వందేళ్లలో సినిమా ఎంత మారిందో తెలుస్తుంది. 'ది జనరల్' మూకీ కాబట్టి భాషతో ఇబ్బందే లేదు. కాపీరైట్ గడువు కూడా తీరిపోవడంతో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

మన తెలుగు బండి

ఉత్తరాలు మోసే రైళ్లున్నాయి సరే. మరి రైలే ఉత్తరమైతే? బాపు 'తూర్పు వెళ్ళే రైలు' (1979) అలాంటి కథే. తమిళంలో భారతీరాజా తీసిన 'కిళక్కే పోగుం రయిల్' దీనికి మూలం. విడిపోయిన జంటకు, ఊరి మీదుగా వెళ్లే రైలు చివరి పెట్టె మీద రాసిన మాటలే కబుర్లు!

నవ్వుకోవాలంటే 'వెంకీ' (2004) ఉండనే ఉంది. విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లే రైల్లో రవితేజ బృందం, బ్రహ్మానందం చేసే అల్లరి టీవీలో ఎన్నిసార్లు వచ్చినా చూసేవాళ్లున్నారు. అన్న పెళ్లికి బయల్దేరి రైలు తప్పిపోయిన తమ్ముడి తిప్పలు 'వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్' (2013). రాంగోపాల్‌వర్మ 'క్షణక్షణం' (1991) క్లైమాక్స్ కూడా రైల్లోనే.

'వసంత కోకిల'గా తెలుగులోకి వచ్చిన బాలూమహేంద్ర చిత్రంలో ఆఖరి సన్నివేశం గుర్తుందా? వర్షంలో, బురదలో కమల్‌హాసన్ కోతిలా గెంతుతాడు. రైల్లో శ్రీదేవి అతణ్ని గుర్తుపట్టదు. కన్నీళ్లు పెట్టించిన ఆ స్టేషన్ పేరు కేట్టి. నీలగిరి రైలుమార్గంలో ఇప్పటికీ ఉంది.

రెల్లుపూలు... పొగబండి

భారతీయ సినిమాలో రైలు అనగానే గుర్తొచ్చేది సత్యజిత్ రే 'పథేర్ పాంచాలీ' (1955). అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు రెల్లుపూల మధ్య నిలబడి తొలిసారి రైలును చూస్తారు. ఆ సన్నివేశం కోసం 1952లో ఒకరోజు షూటింగ్ చేసి, కొన్నాళ్లకు మళ్లీ వెళ్లేసరికి పూలు లేవు. పశువులు మేసేశాయి! మళ్లీ పూసేదాకా ఏడాది ఆగాల్సి వచ్చింది.

అంత కష్టపడి తీసిన సినిమా నెగెటివ్ 1993లో లండన్‌లోని ఓ ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతింది. ఏళ్ల తరబడి శ్రమించి బాగుచేసిన ప్రతి 2015లో మళ్లీ ప్రేక్షకుల ముందుకొచ్చింది. లేకపోతే ఆ పొగబండిని ఆ మెరుగుతో చూసే అదృష్టం ఈ తరానికి ఉండేది కాదు.

అవతార్ కృష్ణ కౌల్ తీసిన '27 డౌన్' (1974) గురించి తెలిసినవాళ్లు తక్కువ. తండ్రి ఇంజన్ డ్రైవరు. కొడుకు టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగి. నలుపు తెలుపుల్లో కనిపించే బొంబాయి వీటీ స్టేషన్ జనసంద్రం ఈ సినిమాకు ప్రాణం. జాతీయ అవార్డు వచ్చింది కానీ, ఆ ఏడాదే దర్శకుడు కన్నుమూశాడు. అదే ఆయన తొలి చిత్రం, ఆఖరి చిత్రం కూడా!

పాటల్లోనైతే 'ఆరాధన' (1969) మరిచిపోలేం. డార్జిలింగ్ బొమ్మరైలు పక్కన జీపులో రాజేష్‌ఖన్నా పాడుతుంటే కిటికీలో షర్మిలా ఠాగూర్. నిజానికి ఆమె అప్పుడు సత్యజిత్ రే సినిమాలో నటిస్తోంది. అందుకే ఆమె షాట్లు విడిగా స్టూడియోలో తీసి కలిపారు. 'దిల్‌సే' (1998)లో నీలగిరి రైలు పైకప్పు మీద షారుఖ్, మలైకా నాట్యం సరేసరి. అది చూడ్డానికే... నిజంగా రైలు పైకెక్కితే నేరం!

ఆగిపోయిన కూత

చిత్తరంజన్ కర్మాగారం ఆఖరి బ్రాడ్‌గేజి బొగ్గింజన్‌ను 1970లో తయారుచేసింది. పేరు 'అంతిమ్ సితారా'. 1995తో బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బండ్లు ఆగిపోయాయి. 1992లో మొదలైన యూనిగేజ్ పథకంతో మీటర్‌గేజి బ్రాడ్‌గేజిగా మారుతూ వచ్చింది. ప్రయాణికులకు మేలే జరిగింది. కానీ ఆ బండ్లూ, బొగ్గు వేసే ఫైర్‌మన్ చెమటా, చెయ్యి దించే సిగ్నల్ స్తంభాలూ ఇక తెరమీదే. 'గదర్' (2001), 'భాగ్ మిల్ఖా భాగ్' (2013) లాంటి సినిమాల కోసం హర్యానాలోని రేవాడీ షెడ్డు నుంచి పాత ఇంజన్లను బయటికి తెచ్చారు.

ఆ లెక్కన దూరదర్శన్ 'యాత్ర' (1986) బంగారమే. శ్యామ్ బెనెగల్ తీసిన ఈ 15 భాగాల ధారావాహికలో కథంతా రైల్లోనే. అప్పట్లో కన్యాకుమారి నుంచి జమ్మూతావి వెళ్లిన హిమసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో సైనికుడిగా ఓంపురి ప్రయాణం. విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే బండే అది!

ఏడు గంటల ఎపిసోడ్

బీబీసీ వాళ్లకి రైళ్లంటే మోజు. ప్రపంచంలోని గొప్ప రైలు ప్రయాణాల మీద 1980లో తీసిన సిరీస్‌లో మన దక్కన్‌కూ చోటిచ్చారు. 2010లో వచ్చిన 'ఇండియన్ హిల్ రైల్వేస్' మూడు భాగాలు. డార్జిలింగ్, నీలగిరి, కాల్కా-సిమ్లా మార్గాల్లో పనిచేసే మామూలు ఉద్యోగులే అందులో కథానాయకులు. జపాన్ రైళ్ల గురించి ఎన్‌హెచ్‌కే వరల్డ్ ప్రత్యేకంగా కార్యక్రమాలు తీసింది.

అన్నిటికన్నా వింత నార్వేది. బెర్గెన్ నుంచి ఓస్లో దాకా రైలు ప్రయాణాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తూ 2009 నవంబరులో అక్కడి ప్రభుత్వ టీవీ ప్రసారం చేసింది. ఏడు గంటలకు పైనే. కథ లేదు, హీరో లేడు. మంచు, సొరంగాలు, స్టేషన్లు... అంతే. పన్నెండు లక్షల మంది కాసేపైనా చూశారు. అక్కడి జనాభా అప్పటికి అరకోటికి లోపే!

చిన్నపిల్లలుంటే 'థామస్ అండ్ ఫ్రెండ్స్' పెట్టండి. 2016లో ఆ ఇంజన్ల జట్టులోకి మన నీలగిరి ఇంజన్‌ను పోలిన 'అషిమా' కూడా చేరింది.

వెతికేదిలా?

* 'రైలు' అని ఒక్కమాటతో సరిపెట్టొద్దు. ట్రైన్, ఎక్స్‌ప్రెస్, హిల్ రైల్వే, స్టీమ్ ఇంజన్, టాయ్ ట్రైన్... ఇలా మార్చి మార్చి వెతకాలి.

* సినిమా పేరులో రైలు లేకపోవచ్చు. దర్శకుడి పేరుతోనూ, ఊరి పేరుతోనూ ప్రయత్నించాలి.

* పాత తెలుగు సినిమాలకు సినిమా ఛానళ్ల వారం జాబితా ముందే చూసుకోవాలి. సెట్‌టాప్ బాక్సులో రికార్డింగ్ ఉంటే వాడుకోవాలి.

* ఓటీటీల్లో హక్కులు తీరితే సినిమా మాయమవుతుంది. కనిపించినప్పుడే చూసెయ్యాలి.

* రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దలు ఇంట్లో ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. తెరమీద కనిపించే ప్రతి మీటకూ, ప్రతి జెండాకూ వాళ్ల దగ్గరో కథ ఉంటుంది. అది ఏ ఛానల్లోనూ రాదు!