పాత సైనిక రైఫిలు: కొనుటకు ముందు పరీక్ష

1891లో రష్యా సైన్యము స్వీకరించిన మోసిన్-నాగాంట్ రైఫిలు, రెండు ప్రపంచయుద్ధములందు వినియోగింపబడి, పిదప గిడ్డంగులలో దట్టమైన జిడ్డుపూతతో దశాబ్దములు పడియుండి, సోవియట్ రాజ్యము పతనమైన తరువాత అమెరికా విపణికి విస్తారముగా చేరినది. దానిని కొనగోరువాడు కొయ్యభాగపు మెరుగునకు మోసపోక, ముందుగా గొట్టము లోపలి మెలికల గాడులు స్పష్టముగా నున్నవో, తుప్పుచే క్షయించినవో వెలుతురున పరికింపవలెను; ఏలయన, నాటి తూటాల ప్రైమరు మిగిల్చెడి లవణము గాలిలోని తేమను పీల్చి, శుభ్రపరుపని ఉక్కును తినివేయును.

పిమ్మట బోల్టు, గొట్టపు మొదలు, మ్యాగజైను అడుగుపలక, మడమపలకలపై క్రమసంఖ్యలను పోల్చవలెను. అయితే సోవియట్ ఆయుధశాలలు మరమ్మతు సమయమున క్రొత్త సంఖ్యలను చెక్కుటయు కలదు గనుక, భాగములన్నియు మొదటినుండి ఒకే రైఫిలువనుటకు ఆ సామ్యమొక్కటే ప్రమాణము కానేరదు. బోల్టుముఖమునకును తూటాకును నడుమనుండు ఎడము మితిమీరినచో తూటాతొడుగు చీలి ప్రాణాపాయము కలుగవచ్చును గావున, నిపుణుడు గేజితో కొలిచి సమ్మతించువరకు రైఫిలును పేల్చరాదు.