రాకాసి గుళ్లు: అపోహలు – వాస్తవాలు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఊరి పొలిమేరల్లోనూ గుట్టల వాలుల్లోనూ గుండ్రంగా పేర్చిన బండరాళ్లు, పలకరాళ్ల మీద మూతబండ కప్పిన రాతి గూళ్లు, నిట్టనిలువుగా పాతిన రాళ్లు చాలాచోట్ల కనిపిస్తాయి. జనం వీటిని రాకాసి గుళ్లనీ, పాండవుల గుళ్లనీ అంటారు. చరిత్రకారులు పెట్టిన పేరు బృహత్ శిలా సమాధులు. వీటిలో ఎక్కువ భాగం క్రీస్తుపూర్వం తొలి సహస్రాబ్దికి, అంటే ఇనుము వాడకం వ్యాపించిన కాలానికి చెందినవి. వీటిని కట్టినవారు తమ గురించి ఏమీ రాసిపెట్టలేదు. వారి సంగతులు చెప్పేవి ఎముకలు, కుండలు, మట్టి పొరలే. ఈ సమాధుల గురించి ఎన్నో అపోహలు ప్రచారంలో ఉన్నాయి.

అపోహ: ఇంతేసి బండలు ఎత్తినవారు రాక్షసులే అయి ఉండాలి.

వాస్తవం: ఈ సమాధుల్లో దొరికిన ఎముకలు మామూలు మనుషులవే. మనిషి ఎత్తులో తొడ ఎముక పొడవు దాదాపు నాలుగో వంతు ఉంటుంది కాబట్టి ఆ ఒక్క ఎముక దొరికినా ఎత్తు అంచనా వేయవచ్చు. ఘటోత్కచుడి అస్థిపంజరం అంటూ దేశమంతా తిరిగిన ఫొటో 2002లో ఫొటోలు మార్చే పోటీ కోసం తయారైనది. అమెరికాలో ఏనుగును పోలిన మాస్టొడాన్ ఎముకలు తవ్వుతుండగా తీసిన చిత్రంలో మనిషి అస్థిపంజరాన్ని పెద్దది చేసి అతికించారు.

బండలు మాత్రం నిజంగానే పెద్దవి. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్విన సమాధి మూతబండ బరువు దాదాపు 40 టన్నులని అంచనా. గ్రానైట్ పొరలుగా విడిపోతుంది కనుక మేకులు దిగ్గొట్టి పలకలు తీయవచ్చు. వాటిని కదిలించడానికి తాళ్లు, దుంగలు, మట్టితో పోసిన వాలు, కలిసి లాగే జనం ఉంటే చాలు. నాగాలాండ్‌లో అంగామీ తెగవారు పెద్ద రాళ్లను చెక్క దుంగల మీదికి ఎక్కించి, వందల మంది కలిసి లాగి నిలబెట్టే ఆచారం ఇటీవలి కాలం దాకా కొనసాగింది.

అపోహ: ఒక సమాధిలో ఒకే మనిషి, పూర్తి అస్థిపంజరంతో ఉంటాడు.

వాస్తవం: కర్ణాటకలోని బ్రహ్మగిరిలో 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వించిన రాతి గూళ్లలో ఒక్కోదాంట్లో పలువురి పుర్రెలు, పొడవాటి ఎముకలు కలిసి కనిపించాయి. శవాన్ని మొదట వేరేచోట ఉంచి, మాంసం పోయాక మిగిలిన ఎముకలు ఏరి సమాధిలో చేర్చడం అప్పటి ఆచారాల్లో ఒకటి. చాలా గూళ్ల పలకకు ఉండే గుండ్రటి రంధ్రాన్ని తర్వాతి కాలంలో ఎముకలనో నైవేద్యాలనో లోపల పెట్టడానికి వాడి ఉండవచ్చు. కొన్ని సమాధుల్లో ఎముక ముక్క కూడా దొరకదు. ఆమ్లగుణం ఉన్న మట్టిలో ఎముకలు కరిగిపోతాయి. కొన్ని కట్టడాలు చనిపోయినవారి గుర్తుగా మాత్రమే నిలిపినవి కూడా కావచ్చు.

అపోహ: పూడ్చిపెట్టారంటే వారు మన పూర్వీకులు కారు, పరాయి జాతివారు.

వాస్తవం: ఈ నేలలో దహనం, ఖననం రెండూ ఎప్పటినుంచో పక్కపక్కనే ఉన్నాయి. ఇవాళ్టికీ వీరశైవులు మృతదేహాన్ని కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. సన్న్యాసులను, పసిపిల్లలను పూడ్చే ఆచారం చాలా కులాల్లో ఉంది. సమాధి తీరునుబట్టి ఆచారం తెలుస్తుంది, జాతి తెలియదు.

అపోహ: పక్కన ఆయుధం ఉంటే మగవాడు, పూసలుంటే ఆడమనిషి.

వాస్తవం: వస్తువులను చూసి లింగం తేల్చితే పొరపాటు జరగవచ్చు. స్వీడన్‌లోని బిర్కాలో 19వ శతాబ్దంలో తవ్విన ఒక సమాధిలో కత్తి, బాణాలు, గుర్రాలు ఉండటంతో అది పురుష యోధుడిదని చాలాకాలం నమ్మారు. 2017లో డీఎన్ఏ పరీక్ష ఆ ఎముకలు స్త్రీవని తేల్చింది. లింగ నిర్ధారణకు కటి ఎముక మంచి ఆధారం. ప్రసవానికి అనువుగా స్త్రీల కటి వెడల్పుగా, దాని వెనుక అంచులోని గాడి విశాలంగా ఉంటాయి. పిల్లల వయసును పళ్లు వచ్చిన క్రమం చెబుతుంది. పెద్దల వయసును పళ్ల అరుగుదల, కటి కీళ్ల ఉపరితలం చూసి అంచనా కడతారు.

అపోహ: ఎముకలు చెల్లాచెదురుగా ఉంటే అక్కడ ఊచకోత జరిగినట్టే.

వాస్తవం: సింధు నాగరికత నగరమైన మొహెంజొదారో వీధుల్లో, ఇళ్లలో దొరికిన అస్థిపంజరాలను చూసి ఆర్యుల దాడిలో నగరం నాశనమైందని వీలర్ వాదించాడు. ఆ ఎముకలన్నీ ఒకే కాలానివి కావని 1964లో పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ డేల్స్ చూపాడు. తర్వాత వాటిని పరిశీలించిన మానవ శాస్త్రవేత్త కెన్నెత్ కెన్నెడీకి ఊచకోత గుర్తులు కనబడలేదు. దెబ్బ తగిలాక మనిషి బతికి ఉంటే ఎముక అంచులు నున్నగా మానతాయి. చనిపోయే వేళ తగిలిన గాయానికి మానిన గుర్తు ఉండదు. ఈ తేడా చూడకుండా హింస జరిగిందని చెప్పడం కుదరదు.

అపోహ: ఎముకను ప్రయోగశాలకు పంపితే సంవత్సరం, వంశం అన్నీ తెలిసిపోతాయి.

వాస్తవం: కార్బన్ పరీక్ష రాతి వయసు చెప్పలేదు. ఒకప్పుడు ప్రాణం ఉన్న పదార్థానికే అది పనికొస్తుంది. ఫలితం ఒక్క సంవత్సరంగా కాక కొన్ని దశాబ్దాల నుంచి శతాబ్దాల దాకా ఉండే వ్యవధిగా వస్తుంది. ఎముకలో మాంసకృత్తు మిగలకపోతే బొగ్గు వంటి వాటిని ఆశ్రయించాలి. వేడి ప్రాంతాల్లో డీఎన్ఏ త్వరగా చెడిపోతుంది. హర్యానాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీలో అరవైకి పైగా నమూనాలు పరీక్షిస్తే ఒక్క మనిషి జన్యు సమాచారమే పనికొచ్చిందని 2019లో వెలువడిన పరిశోధన తెలిపింది. చెవి లోపలి భాగాన్ని కప్పే గట్టి ఎముకలో డీఎన్ఏ బాగా నిలుస్తుంది కాబట్టి పరిశోధకులు ముందు దాన్ని వెతుకుతారు.

అపోహ: ఈ రాళ్ల కింద నిధులు ఉంటాయి.

వాస్తవం: సాధారణంగా దొరికేవి నలుపు–ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్లు, రాతి పూసలు. బంగారం అరుదు. నేలలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. నిధి కోసం తవ్వితే జరిగే అసలు నష్టం సమాచారానిది. మెడ ఎముకల దగ్గర దొరికిన పూసలు హారమనీ, నడుము దగ్గర దొరికినవి మొలతాడనీ పూసలున్న చోటే చెబుతుంది. కుండ ఏ పొరలో, ఏ ఎముక పక్కన ఉందో దాన్నిబట్టే కాలం, ఆచారం తెలుస్తాయి. అందుకే పురావస్తు నిపుణులు పొరపొరకీ కొలతలు రాసుకుంటూ, ఫొటోలు తీస్తూ, తవ్విన మట్టిని జల్లెడ పడతారు. నిధి కోసం గడ్డపారతో ఒక రాత్రి తవ్వినా ఆ సమాచారం చెదిరిపోతుంది. ఇలాంటి రాళ్లు పొలంలో బయటపడితే కదిలించకుండా పురావస్తు శాఖకో, తహసీల్దారుకో తెలియజేయాలి.