రాస్న, బదనిక, బంగారు గీతల ఆర్కిడ్లు: గృహస్థులు తెలియదగిన భేదములు

కీళ్ళవాతమునకు వైద్యులు వ్రాయు కషాయములలో రాస్న ప్రధానమైనది. వాతమును హరించు ద్రవ్యములలో చరక సంహిత దీనికి అగ్రస్థానమొసగినది. అయితే రాస్న యనగా ఏ మొక్క యను ప్రశ్నకు దేశమంతటను ఒకే సమాధానము లేదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి వచ్చువారిలో కొందరు మామిడిచెట్టుపై పెరిగిన బదనికను సంచిలో తెచ్చి, "ఇదియే రాస్న యని విన్నాము, కషాయము కాచుకొనవచ్చునా?" అని యడుగుచుందురు. తెలియక త్రాగిన ఔషధము రోగమును తగ్గింపకపోవుటయే కాక, ఒక్కొక్కప్పుడు హానియు చేయును.

పేరొకటి, మొక్కలు రెండు

సంస్కృతమున వందా యనియు, తెలుగున బదనిక యనియు పిలుచునది ఒక మొక్క కాదు. పరవృక్షముపై పెరుగు పలు మొక్కలకు ఈ పేర్లు చెల్లును. వానిలో రెండింటిని గుర్తింపవలెను.

మొదటిది నిజమైన పరాన్నజీవి. ఇది కొమ్మలోనికి వేరు దింపి చెట్టు రసమును పీల్చును. అతుకుకొనినచోట కొమ్మ గడ్డవలె ఉబ్బును. ఆకులు దళసరిగను, పూలు పొడవైన గొట్టములవలెను ఉండును. దీని జిగురు పండ్లను తిను చిన్న పక్షులవలన విత్తనములు చెట్టునుండి చెట్టునకు వ్యాపించును. ఈ బదనికను ఉబ్బుకు దిగువగా కొమ్మతోసహా కోయనిచో ఆ కొమ్మ క్షీణించును.

రెండవది ఆర్కిడ్ కుటుంబమునకు చెందిన వాండా. దీని వేళ్ళు తెల్లగా, లావుగా బెరడును అంటిపెట్టుకొని యుండును. కొన్ని గాలిలో వ్రేలాడును. వేరుపై నుండు స్పంజివంటి పొర వర్షపునీటిని, మంచును గ్రహించును. ఇది చెట్టునుండి ఆహారమును తీసికొనదు. కావున తోటకు చెరుపని తలచి పెరికివేయుట అనవసరము. ఆకులు పట్టీలవలె దళసరిగా, మడతపడి యుండును. సువాసనగల పూలపై గోధుమవన్నె గళ్ళు కనబడును.

ఈ మొక్క చరిత్రకును గోదావరి సీమకును సంబంధము కలదు. 1781 నుండి సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో ప్రచురణ మారంభించిన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథమున దీనిని వర్ణించెను. సర్ విలియం జోన్స్ వాండా యను మన పేరును శాస్త్రలోకమునకు పరిచయము చేసెను.

రత్నములవంటి ఆకులు

ఆర్కిడ్లన్నియు పూలకొరకే ప్రసిద్ధములు కావు. ఆనెక్టోకైలస్ అను ప్రజాతి మొక్కలకు ఆకులే సొగసు. ముదురు ముఖమలువంటి ఆకుపై బంగారు, రాగి వన్నెల ఈనెలు వలవలె అల్లుకొని యుండును. ఇవి చెట్లపై గాక, తేమగల అడవులలో నీడన, కుళ్ళిన ఆకులమధ్య నేలపై పెరుగును. శ్రీలంకలో ఇట్టి మొక్కను వనరాజ మందురు. రాక్స్‌బర్గ్ పేరిట వెలసిన ఒక జాతిని చైనాలో కాలేయ రోగములకును, మధుమేహమునకును జనపదవైద్యమున వాడుదురు. దానికై అడవులలో విచక్షణలేక పెరుకుటచే అది అరుదైపోయి, ఇప్పుడు ప్రయోగశాలలలో కణజాల వర్ధనముచే పెంచుచున్నారు. కోనసీమ ఎండకు, ఒండ్రునేలకు ఇవి సహజములు కావు. అందము చూచి కుండీలో పెంచుకొనవచ్చును. రాస్నగా మాత్రము వాడరాదు.

ఏది రాస్న?

భారత ఆయుర్వేద ఫార్మకోపియా ప్లూకియా లాన్సియోలేటా అను మొక్క ఆకును రాస్నగా అంగీకరించినది. కేరళమునను, దక్షిణాదిన పలుచోట్లను దుంపరాష్ట్రకమును, వంగదేశమున వాండా వేరును వాడుట కలదు. ఈ మూడును వేర్వేరు కుటుంబముల మొక్కలు. ఒకదాని మోతాదు వేరొకదానికి చెల్లదు.

పరాన్నజీవియైన బదనిక విషయమున మరింత జాగ్రత్త వలయును. అది ఆశ్రయించిన చెట్టు గుణములు దానికి సంక్రమింపవచ్చును. ముష్టిచెట్టుపై పెరుగు ఒక జాతి బదనికలో ఆ చెట్టు విషమే కనబడినది. కావున ఏ చెట్టుపైనుండి వచ్చినదో తెలియని బదనికను ఎన్నడును లోనికి పుచ్చుకొనరాదు.

గృహస్థులకు సూచనలు

1. రాస్న, తిప్పతీగ, రేల, దేవదారు, పల్లేరు, ఆముదపు వేరు, గలిజేరు చేరినది రాస్నాసప్తక కషాయము. దీనిని వైద్యుని సలహాతో, శొంఠిపొడి చేర్చి సేవింపవలెను. పొడి కొనునపుడు పొట్లముపై రాస్నకు ఏ శాస్త్రీయనామము వ్రాసిరో చూడవలెను.

2. సాధారణమైన మోకాలినొప్పికి ఆముదపు ఆకుపై ఆముదము రాసి, వెచ్చచేసి, చర్మము కాలకుండ కట్టుకొనవచ్చును.

3. కీలు ఎఱ్ఱబడి వాచి, జ్వరము కూడ ఉన్నచో గృహవైద్యముతో కాలయాపన చేయక వైద్యుని చూడవలెను. గర్భిణులు కషాయములను స్వయముగా ఆరంభింపరాదు.

4. పెరటి మామిడిపై వాండా ఉన్నచో ఉండనిండు. ఆర్కిడ్ కుటుంబమంతయు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందము పరిధిలోనిది. మొదలంట వేరు త్రవ్విన మొక్క మరల చిగిర్చుట కష్టము. అంగడిలో సరియైన రాస్న దొరకుచుండగా, చెట్టుపై పూచు దానిని పాడుచేసికొన నక్కరలేదు.