బందరు చూసొద్దాం రండి

బెజవాడలో బందరు రైలు ఎక్కితే గుడివాడ మీదుగా పోతుంది. గుడివాడ దాటాక రెండు పక్కలా వరి చేలు, కాలవలు, చెరువులు. స్టేషన్ల పేర్లు పసుపు బోర్డుల మీద పెద్ద అక్షరాలతో ఉంటాయి. కవుతరం, పెడన, చిలకలపూడి. ఆ తరువాత మచిలీపట్నం. అక్కడితో రైలు దారి అయిపోతుంది. చదువు వచ్చిన ఆడమనిషి పక్కవాళ్ళని "అన్నా, ఇది ఏ ఊరు?" అని అడగక్కర్లేదు. కిటికీలోంచి తనే చదువుకుని దిగొచ్చు.

ఊరికి రెండు పేర్లున్నాయి. రాతలో మచిలీపట్నం, మాటలో బందరు. బందరు అంటే పారసీ మాటలో ఓడరేవు. ఇప్పుడు బందరు కృష్ణా జిల్లాకి ముఖ్య పట్టణం. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇది గోల్కొండ సుల్తానుల రేవు. ఇక్కడి బట్టల కోసం దూరదేశాల ఓడలు వచ్చేవి. ఒడ్డు దగ్గర నీళ్ళ లోతు తక్కువ. అందుకని పెద్ద ఓడలు సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకుని పడవల మీద అటూ ఇటూ చేరవేసేవాళ్ళు.

పేటల పేర్లు చదివితే చాలు

ఊళ్ళో తిరిగేటప్పుడు పేటల పేర్లు చదవాలి. సగం చరిత్ర వాటిలోనే ఉంది. ఒక పేట పేరు వలందపాలెం. వలందులు అంటే హాలెండు దేశం వాళ్ళు, డచ్చివాళ్ళు. ఇంకోటి పరాసుపేట. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. మూడోది ఇంగ్లీషుపాలెం. అది ఎవరిదో చెప్పక్కర్లేదు. ముగ్గురూ వ్యాపారానికే వచ్చారు. ఇంగ్లీషు కంపెనీ 1611లో ఇక్కడ గిడ్డంగి పెట్టింది. డచ్చివాళ్ళు అంతకంటే ముందే వచ్చారు. ఒకరితో ఒకరు పోట్లాడుకున్నారు. చివరికి 1759లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి బందరు కోట లాక్కున్నారు.

డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రాతి పలకల మీద వాళ్ళ భాషలో అక్షరాలు, వంశాల గుర్తులు చెక్కి ఉంటాయి. ఆ అక్షరాలు మనకి రావు. అయినా చెక్కడం పనిని చేత్తో తడిమి చూడొచ్చు.

ఇంతమంది ఇంత దూరం ఎందుకు వచ్చినట్టు? ఒక గుడ్డ కోసం. దాని పేరు కలంకారీ.

గుడ్డ మీద రంగు ఎలా నిలుస్తుంది?

కలంకారీ చూడాలంటే బందరులో కాదు, పెడనలో దిగాలి. బందరుకి పది కిలోమీటర్ల దూరం. వీధుల్లో మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. అద్దకం షెడ్ల దగ్గర దండేల మీద, నేల మీద బట్టలు ఆరుతూ ఉంటాయి.

కలం అంటే పుల్లతో చేసిన పెన్ను. కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో ఈనాటికీ కలంతోనే బొమ్మలు గీస్తారు. బందరు, పెడన పద్ధతి వేరు. ఇక్కడ టేకు చెక్క మీద పువ్వులు, తీగెలు, నెమళ్ళు చెక్కి అచ్చులు చేస్తారు. అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద ఒత్తుతారు. ఒక్క పువ్వుకి గీతకో అచ్చు, ఎరుపుకో అచ్చు, ఇంకో రంగుకి ఇంకో అచ్చు కావాలి.

మామూలుగా బట్టకి రంగు వేస్తే ఉతుకుల్లో పోతుంది. దీనికి పోదు. అదెలాగో వంటింట్లో పని చేసే ఆడవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. పచ్చి అరటికాయని ఇనప కత్తిపీట మీద తరిగితే ఏమవుతుంది? కాయ నల్లబడుతుంది. కత్తి నల్లబడుతుంది. వేళ్ళు కూడా నల్లబడతాయి. సబ్బుతో రుద్దినా ఓ పట్టాన వదలదు. కాయలోని వగరు, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. కలంకారీ నలుపు కూడా అదే.

ముందు నేత గుడ్డని పేడనీళ్ళలో నానేసి, ఉతికి, ఎండలో ఆరేస్తారు. దాంతో గుడ్డ తెల్లబడుతుంది. తరువాత కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచుతారు. కరక్కాయలో వగరు ఉంది. పాలలో వెన్న ఉంది. వగరు గుడ్డకి పడుతుంది. వెన్న ఉండబట్టి రంగు పక్కకి పాకకుండా గీత గీతలాగే నిలుస్తుంది. ఇంకో పక్క తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్ళలో అచ్చు ముంచి గుడ్డ మీద ఒత్తితే, ఒత్తిన చోటల్లా నల్ల గీత పడుతుంది.

ఎరుపు ఇంకా వింత. ఎరుపు రావలసిన చోట మొదట అద్దేది ఎర్ర రంగు కాదు, పటిక. తరువాత గుడ్డని పారే నీళ్ళలో జాడించి, పెద్ద రాగి కాగులో ఎరుపునిచ్చే వేర్లు, ఆకులు వేసి ఉడకబెడతారు. పటిక ఉన్న చోట ఎరుపు పట్టుకుంటుంది. లేని చోట నిలవదు, ఉతికితే పోతుంది. పాతకాలంలో ఈ ఎరుపు చిరువేరుతో వచ్చేది. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఇసుక నేలల్లో పెరిగే మొక్క అది. ఆ వేరు ఇచ్చిన ఎరుపుకే బందరు గుడ్డకి అంత పేరు వచ్చింది. నీలానికి నీలిమందు, పసుపుపచ్చకి దానిమ్మ తొక్క, కరక్కాయ పువ్వు వాడతారు.

జాడించే నీళ్ళు పారుతూ ఉండాలి. నిలవ నీళ్ళలో జాడిస్తే వదిలిన రంగు తిరిగి గుడ్డకే అంటుకుంటుంది. అందుకే ఈ పని కాలవల పక్కన బతికింది. కాలవ కట్టేసిన రోజుల్లో, ముసురు పట్టిన రోజుల్లో పని ఆగిపోతుంది. పని ఆగితే కూలి ఆగుతుంది.

ఈ గుడ్డ చేసిన గొడవ

బందరు గుడ్డలు మొదట పారసీ దేశానికి బాగా పోయేవి. తలుపు తెరలు, నమాజు గుడ్డలు, మంచం మీద పరిచే దుప్పట్లు అక్కడివాళ్ళకి నచ్చిన పువ్వులతో ఇక్కడ అద్దేవాళ్ళు. తరువాత ఇంగ్లండు, ఫ్రాన్సు ఆడవాళ్ళు వీటిని ఎగబడి కొన్నారు. ఉన్ని, పట్టు బట్టల మధ్య ఇంత తేలికైన గుడ్డ, ఉతికినా పోని రంగు వాళ్ళు ఎక్కడా చూడలేదు.

అక్కడి నేతగాళ్ళకి పని పోయింది. వాళ్ళు తిరగబడ్డారు. ఫ్రాన్సు 1686లోనే ఈ గుడ్డలని నిషేధించింది. ఇంగ్లండు 1700లో చట్టం చేసి అద్దకం బట్టల దిగుమతి ఆపింది. అయినా ఆడవాళ్ళు కట్టడం మానలేదు. 1719లో లండను వీధుల్లో అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చించేశారు. కడుపు కాలింది నేతగాళ్ళకి. పరువు పోయింది మాత్రం దారిన పోయే ఆడవాళ్ళకి. 1721లో అలాంటి గుడ్డ కట్టుకోవడమే తప్పని ఇంకో చట్టం వచ్చింది.

ఇంగ్లీషువాళ్ళు ఊరుకోలేదు. అద్దకం పని తామే నేర్చుకున్నారు, మిల్లులు పెట్టారు. కొన్నాళ్ళకి మిల్లు గుడ్డే ఇక్కడికి దిగుమతి అయింది. చవక కదా, మనవాళ్ళూ కొన్నారు. బందరు అద్దకం ఇళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఇప్పుడు దెబ్బ ఇంకో వైపు నుంచి వస్తోంది. మిషను మీద కలంకారీ బొమ్మలు వేసి, కలంకారీ అనే పేరుతోనే తక్కువ ధరకి అమ్ముతున్నారు. చేత్తో అద్దిన చీరకి పట్టే రోజులు దానికి పట్టవు. మచిలీపట్నం కలంకారీకి ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. కానీ కొనేవాళ్ళకి తేడా తెలియకపోతే గుర్తింపు ఉండి ఏం లాభం? కొనేటప్పుడు గుడ్డని దగ్గరగా పట్టుకుని చూడాలి. చేతి అద్దకంలో అచ్చుకీ అచ్చుకీ మధ్య వెంట్రుకవాసి తేడా ఎక్కడో కనిపిస్తుంది. ఒక పువ్వులో రంగు గీత దాటి కొంచెం బయటికి వస్తుంది. మిషను గుడ్డలో వంద పువ్వులూ ఒక్కలాగే ఉంటాయి.

సముద్రం

బందరుకి అన్నీ ఇచ్చింది సముద్రమే. తీసుకున్నదీ సముద్రమే. 1864 నవంబరు 1 రాత్రి తుపాను వచ్చింది. ఉప్పెన ఊరి మీద పడింది. సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. ఆ తరువాత పాత బందరు మళ్ళీ అలా కోలుకోలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడింది. వేలాది మంది పోయారు. అవనిగడ్డ వైపు పెద్దవాళ్ళని కదిపితే ఆ రాత్రి గురించి ఈనాటికీ చెబుతారు. మంగినపూడి బీచికి వెళ్ళి ఆ నల్లమట్టి ఒడ్డున నిలబడితే సముద్రం ఎంతో నెమ్మదిగా కనిపిస్తుంది. అదే సముద్రమంటే నమ్మబుద్ధి కాదు. కొత్త ఓడరేవు పనులు 2023లో మొదలయ్యాయి.

ఇంకా కాస్త టైము ఉంటే

పొదుపు సంఘంలో పాసుబుక్కు ఉన్నవాళ్ళు ఒక మాట తెలుసుకోవాలి. ఆంధ్రా బ్యాంకు పుట్టింది బందరులోనే. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో పెట్టారు. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసింది.

చిలకలపూడిలో పాండురంగడి గుడి ఉంది. కార్తీక మాసంలో తిరునాళ్ళకి జనం కిటకిటలాడతారు. చిలకలపూడి బంగారం అంటే పూత నగలు. మెడలో వేసుకున్నాక బంగారమో కాదో చెప్పడం కష్టం.

ఇంకో రోజు ఉండగలిగితే కూచిపూడి వెళ్ళాలి. ఆ ఊరి నాట్యం పేరే కూచిపూడి. ఒకప్పుడు ఆడవాళ్ళని అందులో ఆడనిచ్చేవాళ్ళు కాదు. సత్యభామ వేషం కూడా మగవాళ్ళే వేసేవాళ్ళు. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషానికి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు కూచిపూడి నేర్చుకునేవాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. ఆ వైపునే ఘంటసాల ఉంది. అక్కడ పాత బౌద్ధ స్తూపం దిబ్బ, శిల్పాల మ్యూజియం చూడొచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లలకి బందరు లడ్డు కొనాలి. శనగపిండిని నెయ్యిలో వేయించి, దంచి, బెల్లం పాకంతో చేసేది. దంచుతారు కాబట్టి తొక్కుడు లడ్డు అని కూడా అంటారు. దీనికీ 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బందరు లడ్డు అని బోర్డు చాలా కొట్లకి ఉంటుంది. నేతితో చేసిందా, నూనెతో చేసిందా అని అడిగి, డబ్బా మీద తయారైన తేదీ చదివి కొనాలి.